ఎముక గ్రాఫ్టుల శుద్ధి

ఎముక గ్రాఫ్టుల శుద్ధి లేదా ఎముక గ్రాఫ్టుల స్టెరిలైజేషన్ అనేది, కణితి ఉన్న ఎముక భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగించిన తరువాత ఆ ఖాళీలో అమర్చబోయే ఎముకలో సూక్ష్మజీవులు గాని, క్యాన్సర్ కణాలు గాని లేకుండా చేసే ప్రక్రియ. ఇలా అమర్చే ఎముక ముక్కను గ్రాఫ్టు అంటారు. చెట్టుకు అంటు కట్టడం వంటిది కనుక దీనిని తెలుగులో ఎముక అంటు అని కూడా చెప్పవచ్చు. గ్రాఫ్టు మరొక మనిషి ఎముక కావచ్చు, లేదా రోగి శరీరం నుండి అప్పుడే కోసి తీసిన ఎముకే కావచ్చు. కాలు గాని, చేయి గాని తీసివేయకుండా నిలబెట్టే చికిత్సలో ఇది ముఖ్యమైన దశ. హాని చేసే జీవకణాలన్నీ నశించాలి, కాని ఎముక గట్టిదనం నశించకూడదు. ఈ రెండింటి మధ్య సమతూకం సాధించడమే ఈ ప్రక్రియలోని ప్రధాన సమస్య.

నేపథ్యం

ఎముకలో పుట్టే ప్రాణాంతకమైన కణితులలో ఆస్టియోసార్కోమా, యూయింగ్ సార్కోమా ముఖ్యమైనవి. ఇవి ఎక్కువగా పిల్లలలోను, యుక్తవయస్సులో ఉన్నవారిలోను వస్తాయి. ఆస్టియోసార్కోమా తరచుగా మోకాలి పరిసరాలలో, అనగా తొడ ఎముక కింది చివర, అంతర్జంఘిక పై చివర కనిపిస్తుంది. 1970ల వరకు ఇటువంటి రోగులకు కాలు తొలగించడమే ప్రధాన చికిత్సగా ఉండేది. ఆ దశాబ్దంలో కీమోథెరపీ, తరువాత సి.టి., ఎమ్.ఆర్.ఐ. స్కానింగులు అందుబాటులోకి రావడంతో, కణితి ఉన్న భాగాన్ని మాత్రమే తీసి అవయవాన్ని కాపాడటం సాధ్యమయింది.

ఎముక తీసివేసిన చోట పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. దానిని పూరించడానికి మూడు మార్గాలు ఉన్నాయి: లోహంతో చేసిన కృత్రిమ ఎముక, దాత ఎముక, రోగి సొంత ఎముకనే శుద్ధి చేసి తిరిగి అమర్చడం. లోహపు ఎముకతో రోగి త్వరగా నడవగలుగుతాడు. కాని అది ఖరీదైనది, సంవత్సరాలు గడిచేకొద్దీ వదులయ్యే అవకాశం ఉన్నది. మిగిలిన రెండు మార్గాలకు శుద్ధి తప్పనిసరి.

చరిత్ర

ఒకరి ఎముకను మరొకరికి అమర్చిన తొలి ప్రయత్నాలలో ప్రసిద్ధమైనది 1880 ప్రాంతంలో స్కాట్లాండులోని గ్లాస్గోలో విలియం మాకీవెన్ చేసిన శస్త్రచికిత్స. ఆయన ఒక బాలుని దండచేయి ఎముకను ఇతర రోగుల ఎముక ముక్కలతో పునర్నిర్మించాడు. 20వ శతాబ్దం తొలి దశకంలో జర్మనీ వైద్యుడు ఎరిక్ లెక్సర్ కీళ్ళను కూడా మార్చి అమర్చాడు. 1949లో అమెరికా నౌకాదళం కణజాల బ్యాంకును ప్రారంభించిన తరువాత ఎముకలను నిలువ చేసే పద్ధతులు అభివృద్ధి చెందాయి. రోగి ఎముకను శరీరం వెలుపల రేడియేషనుకు గురిచేసి తిరిగి అమర్చే పద్ధతిని 1968లో స్పైరా, లూబిన్ అనే వైద్యులు వెల్లడించారు.

శుద్ధిలో రెండు లక్ష్యాలు

పాఠకులు తరచుగా పొరబడే విషయం ఒకటి ఇక్కడ గమనించాలి. దాత ఎముకను శుద్ధి చేయడం వేరు, రోగి ఎముకను శుద్ధి చేయడం వేరు. దాత ఎముకలో చంపవలసినవి బాక్టీరియా వంటి సూక్ష్మజీవులు. రోగి ఎముకలో చంపవలసినవి కణితి కణాలు. అది అప్పుడే ఆపరేషను థియేటరులో తీసినది కనుక సూక్ష్మజీవులు చేరకుండా కాపాడితే చాలు. కణితి కణాలకు 50 గ్రే రేడియేషను సరిపోతుంది. సూక్ష్మజీవులను నిర్మూలించడానికి సాధారణంగా వాడే మోతాదు 25 కిలోగ్రే, అనగా 25,000 గ్రే. మొదటి దానికి ఇది 500 రెట్లు.

దాత ఎముక శుద్ధి

ముందుగా దాత ఆరోగ్య చరిత్రను, రక్తాన్ని పరీక్షిస్తారు. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్ లేవని నిర్ధారించుకుంటారు. తరువాత ఎముకలోని మజ్జను, కొవ్వును, రక్తాన్ని కడిగివేస్తారు. ఎముకను -70 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటె తక్కువ ఉష్ణోగ్రతలో గడ్డకట్టించి గాని, గడ్డకట్టించి తేమను తీసివేసి గాని నిలువ చేస్తారు. పొరలు పొరలుగా మూసిన సంచులలో ఉంచి కోబాల్ట్-60 నుండి వెలువడే గామా కిరణాలకు గురిచేస్తారు. శుద్ధి తరువాత ఒక సూక్ష్మజీవి బతికి ఉండే అవకాశం పది లక్షలలో ఒకటికి మించకూడదన్నది ప్రమాణం.

గామా కిరణాలు సూక్ష్మజీవుల డి.ఎన్.ఏ.ను ఛేదిస్తాయి. అయితే అవే కిరణాలు ఎముకకు సాగుడు గుణాన్నిచ్చే కొల్లాజెన్‌ను కూడా దెబ్బతీస్తాయి. మోతాదు పెరిగే కొద్దీ ఎముక పెళుసుబారుతుంది. తక్కువ ఉష్ణోగ్రతలో కిరణాలు ప్రసరింపజేస్తే ఈ నష్టం కొంత తగ్గుతుంది. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో కూడా శుద్ధి చేసేవారు. కాని దాని అవశేషాలు ఎముకలో మిగిలి వాపు కలిగించడం వలన ఆ వాడకం తగ్గింది.

శుద్ధి యొక్క ప్రాముఖ్యాన్ని తెలిపే ఉదంతం అమెరికాలో జరిగింది. 1985లో మరణించిన ఒక దాతకు హెచ్.ఐ.వి. ఉన్నట్లు అప్పటి పరీక్షలో తేలలేదు. అతని అవయవాలు పొందిన నలుగురికి, శుద్ధి చేయకుండా గడ్డకట్టించిన ఎముక పొందిన ముగ్గురికి హెచ్.ఐ.వి. సోకింది. ఆల్కహాలుతో శుద్ధి చేసిన ఎముకలు పొంది, పరీక్షకు వచ్చిన వారికి సోకలేదు. ఈ వివరాలు 1992లో ప్రచురితమయ్యాయి. అయినా వైరసుల విషయంలో కేవలం 25 కిలోగ్రే రేడియేషను మీద ఆధారపడరు. దాత పరీక్ష, కడగడం, రేడియేషను మూడూ కలిస్తేనే భద్రత.

రోగి సొంత ఎముక శుద్ధి

ఈ పద్ధతిలో కణితి ఉన్న ఎముకను కోసి తీసి, దానిపై ఉన్న కణితి మాంసాన్ని తొలగిస్తారు. ఆ తరువాత కింది పద్ధతులలో ఒకదానితో శుద్ధి చేస్తారు.

రేడియేషను: ఎముకను శుద్ధమైన గుడ్డలో, ప్లాస్టిక్ సంచులలో చుట్టి రేడియోథెరపీ విభాగానికి పంపుతారు. అక్కడ లీనియర్ యాక్సిలరేటర్ యంత్రంతో ఒకేసారి 50 గ్రే ఇస్తారు. ఎముక తిరిగి వచ్చేవరకు రోగి మత్తులోనే ఉంటాడు.

ద్రవ నైట్రోజన్: ఎముకను -196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో 20 నిమిషాలు ఉంచి, తరువాత గది ఉష్ణోగ్రతలో, ఆపై డిస్టిల్డ్ వాటర్‌లో కరగనిస్తారు. జపాన్‌లోని కనజావా విశ్వవిద్యాలయానికి చెందిన త్సుచియా బృందం దీని ఫలితాలను 2005లో ప్రచురించింది. దీనికి రేడియోథెరపీ యంత్రం అవసరం లేదు.

పాశ్చరైజేషన్: పాలను కాచే సూత్రమే ఇక్కడ కూడా. ఎముకను 60 డిగ్రీల ఉప్పు ద్రావణంలో 30 నిమిషాలు ఉంచుతారు.

ఆటోక్లేవ్: నీటి ఆవిరితో అధిక పీడనంలో వేడిచేయడం. ఇది సులభమైనది, చవకైనది. కాని ఎముక బలం, కొత్త ఎముకను ప్రేరేపించే ప్రోటీనులు ఎక్కువగా దెబ్బతింటాయి.

సొంత ఎముక కొలత, ఆకారం సరిగ్గా సరిపోతాయి. ఇతరుల నుండి వ్యాధి సోకే భయం ఉండదు. ఎముక బ్యాంకు అవసరం లేదు. కాని కణితి వలన ఎముక ఇప్పటికే బాగా తిన్నట్లయినా, విరిగినా ఈ పద్ధతి పనికిరాదు. తీసిన ఎముకను పూర్తిగా ప్రయోగశాలకు పంపడం కూడా కుదరదు.

అమర్చిన తరువాత

శుద్ధి చేసిన ఎముక ప్రాణం లేని ఎముక. దానిని ప్లేట్లు, స్క్రూలు, రాడ్లతో బిగిస్తారు. చుట్టూ ఉన్న సజీవమైన ఎముక నెమ్మదిగా దానితో కలుస్తుంది. ఇందుకు నెలలు, కొన్నిసార్లు సంవత్సరానికి పైగా పడుతుంది. అంతవరకు కాలిపై పూర్తి బరువు మోపకూడదు. చీము పట్టడం, ఎముక అతకకపోవడం, విరగడం ముఖ్యమైన సమస్యలు. అతుకును త్వరపరచడానికి కొందరిలో రోగి బహిర్జంఘికను రక్తనాళాలతో సహా తీసి గ్రాఫ్టుతో జతచేస్తారు.

భారతదేశంలో

వైద్య సామగ్రిని గామా కిరణాలతో శుద్ధి చేసే ఐసోమెడ్ కేంద్రం ముంబాయిలోని ట్రాంబేలో 1974లో ప్రారంభమయింది. ముంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో కణజాల బ్యాంకు 1988లో ఏర్పడింది. రోగి ఎముకకు 50 గ్రే ఇచ్చి తిరిగి అమర్చే చికిత్సను కూడా ఆ ఆసుపత్రి వైద్యులు చేసి ఫలితాలు ప్రచురించారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టాన్ని 2011లో సవరించి ఎముక వంటి కణజాలాలను కూడా అందులో చేర్చారు.

పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినపుడు కర్నూలు జిల్లా నుండి అందులో చేరాయి. ఈ చికిత్సకు క్యాన్సర్ శస్త్రచికిత్స నిపుణులు, రేడియోథెరపీ యంత్రం, ప్రయోగశాల ఒకేచోట ఉండాలి. కనుక నల్లమల అంచున ఉన్న ఈ ప్రాంత రోగులు గుంటూరు, కర్నూలు, హైదరాబాదు వంటి నగరాలకు వెళ్ళవలసి ఉంటుంది. గుంటూరు - నంద్యాల రైలు మార్గం మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరుల మీదుగా పోతుంది. పేదల క్యాన్సర్ చికిత్సకు 2007లో మొదలయిన ఆరోగ్యశ్రీ పథకం తోడ్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు పెట్టారు.

ఈ ప్రాంతపు భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్లోరోసిస్ వలన కూడా ఎముకలు, కీళ్ళు నొప్పిపెడతాయి. అయితే ఫ్లోరోసిస్ నొప్పి సాధారణంగా అనేక కీళ్ళలోను, వెన్నెముకలోను ఉండి సంవత్సరాల తరబడి పెరుగుతుంది. కణితి నొప్పి ఒకేచోట ఉండి, వారాలలోనే పెరుగుతుంది, రాత్రిపూట ఎక్కువవుతుంది, వాపు కనిపిస్తుంది. పిల్లలకు మోకాలి వద్ద ఇటువంటి నొప్పి వస్తే ఆటలో తగిలిన దెబ్బగానో, నీటి దోషంగానో భావించి కట్టు కట్టించడం, మర్దన చేయించడం ప్రమాదకరం. ఫ్లోరైడ్ వలన ఎముక క్యాన్సర్ వస్తుందా అనే ప్రశ్నపై జరిగిన పరిశోధనల ఫలితాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి.

ఎక్స్-రే తీయించడం తొలి మెట్టు. అనుమానం కలిగితే ముక్క పరీక్షను, శస్త్రచికిత్స జరగబోయే ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. సూది లేదా కత్తి వెళ్ళిన దారిలో కణితి కణాలు మిగలవచ్చు. ఆ దారిని కూడా శస్త్రచికిత్సలో తీసివేయవలసి ఉంటుంది. తప్పు చోట చేసిన ముక్క పరీక్ష వలన నిలబెట్టగలిగిన కాలును కోల్పోవలసి రావచ్చు.

ఇవి కూడా చూడండి

ఎముక
క్యాన్సర్
ఫ్లోరోసిస్
గామా కిరణాలు
అవయవ దానం
మార్కాపురం
గిద్దలూరు