సొమ్ము చేరకపోతే?

ఢిల్లీలోని ముఖర్జీ నగర్ పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ చోటు. అక్కడ గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న కూతురికి గుంటూరు నుంచి ఒక తండ్రి మనియార్డరు పంపాడనుకుందాం. అమ్మాయి గది మారింది. పోస్ట్‌మాన్‌కు చిరునామా దొరకలేదు. అప్పుడేమవుతుంది? సొమ్ము తిరిగి తండ్రి చేతికే వస్తుంది. మన దేశంలో 1880లో మొదలైన మనియార్డరును జనం నమ్మడానికి ఇదొక కారణం. చేరితే సరే, చేరకపోతే వెనక్కి వస్తుంది.

ఈ చిన్న నియమాన్ని కంప్యూటర్ ప్రోగ్రాము మరచిపోతే ఏం జరుగుతుందో, ఆ తప్పుల నుంచి ఒక ప్రోగ్రామింగ్ భాష ఏం నేర్చుకుందో చూద్దాం.

ఒప్పందమే ప్రోగ్రాము

ఒప్పందంలోని షరతులను మనిషికి బదులు కంప్యూటరే అమలుచేసే 'స్మార్ట్ కాంట్రాక్ట్' ఆలోచనను 1990లలో నిక్ సాబో ముందుకు తెచ్చాడు. నాణెం వేస్తే సరుకునిచ్చే యంత్రాన్ని ఆయన ఉదాహరణగా చూపాడు. 2015 జూలై 30న ప్రారంభమైన ఈథరియం ఈ ఆలోచనకు విస్తృతమైన వేదిక అయింది. ఈథరియం ఒక బ్లాక్‌చెయిన్. అంటే వేలాది కంప్యూటర్లు నకళ్లు ఉంచుకునే ఉమ్మడి ఖాతా పుస్తకం. దానిపై నడిచే కాంట్రాక్టులను ఎక్కువగా 'సాలిడిటీ' అనే భాషలో రాస్తారు. ఒకసారి పుస్తకంలోకి ఎక్కిన ప్రోగ్రామును మామూలుగా దిద్దలేం. తప్పుంటే తప్పుతోనే నడుస్తుంది.

పరిహారం అందని రాజులు

2016 ఫిబ్రవరిలో 'కింగ్ ఆఫ్ ది ఈథర్ థ్రోన్' అనే ఆట కాంట్రాక్టు నడిచింది. నిర్ణీత ధర చెల్లించినవారు రాజవుతారు. తర్వాత వచ్చినవారు అంతకన్నా ఎక్కువ చెల్లించి సింహాసనం ఎక్కితే, ఆ సొమ్ములో అధికభాగం దిగిపోయే రాజుకు పరిహారంగా అందాలి.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఈథరియంలో ప్రతి పనికీ 'గ్యాస్' అనే ఇంధనం ఖర్చవుతుంది. సొమ్ము పంపే 'సెండ్' ఆజ్ఞ తన వెంట 2300 యూనిట్ల గ్యాస్ మాత్రమే ఇస్తుంది. మామూలు ఖాతాకు అది చాలు. కానీ కొందరు రాజుల ఖాతాలు కూడా కాంట్రాక్టులే. సొమ్ము పుచ్చుకోవడానికి వాటికి ఆ గ్యాస్ సరిపోలేదు. చెల్లింపు విఫలమైంది. ఆ సంగతిని 'సెండ్' దాచలేదు, 'ఫాల్స్' అని జవాబిచ్చింది. ఆ జవాబును ప్రోగ్రాము చూడనే లేదు! కొత్త రాజు గద్దెనెక్కాడు, పాత రాజుకు పరిహారం అందలేదు, సొమ్ము కాంట్రాక్టులోనే ఉండిపోయింది.

మీటరు తిరిగి సున్నాకు వస్తే

స్కూటరు మీటరు 99999 దాటితే మళ్లీ 00000 చూపిస్తుంది. కంప్యూటర్ లెక్కల్లోనూ ఇది జరగవచ్చు. 2018 ఏప్రిల్‌లో 'బ్యూటీచెయిన్' అనే టోకెన్ కాంట్రాక్టుకు ఒకరు విచిత్రమైన ఆజ్ఞ ఇచ్చారు: ఇద్దరికి తలా 2²⁵⁵ టోకెన్లు పంపమని. మొత్తం 2²⁵⁶. ఆ యంత్రం పట్టగల అతి పెద్ద సంఖ్య దానికన్నా ఒకటి తక్కువ. కాబట్టి మొత్తం సున్నా అయింది. పంపేవారి ఖాతాలో సున్నా టోకెన్లు ఉన్నాయా? ఉన్నాయి! పరీక్ష నెగ్గింది. లేని టోకెన్లు గుట్టలుగా పుట్టుకొచ్చాయి.

భాష నేర్చుకున్న పాఠం

తొలినాళ్ల సాలిడిటీలో 'త్రో' అనే ఆజ్ఞ ఉండేది. అది జరిగిన పనినంతా రద్దు చేసేది, కానీ మిగిలిన గ్యాస్‌నంతా మింగేసేది. 2017లో 'రిక్వైర్', 'అసర్ట్', 'రివర్ట్' వచ్చాయి. షరతు నెరవేరకపోతే 'రిక్వైర్' పనిని ఆపి, ఏమీ జరగనట్టే ఖాతాలను పూర్వస్థితికి తెస్తుంది. అదే ఏడాది అక్టోబరు మార్పులతో, అలా ఆపినప్పుడు మిగిలిన గ్యాస్ కూడా దక్కసాగింది. 2020 డిసెంబరులో వచ్చిన 0.8 వెర్షన్ నుంచి, సంఖ్య హద్దు దాటితే లెక్క తనంతట తానే ఆగిపోతుంది.

అయితే అన్నింటినీ రద్దు చేయడమే మందా? ఆలోచించండి. పాత రాజుకు సొమ్ము చేరనప్పుడల్లా పనిని రద్దు చేస్తే, సొమ్ము పుచ్చుకోని ఖాతా ఉన్న రాజు శాశ్వతంగా గద్దె మీదే ఉంటాడు! అందుకే అనుభవజ్ఞులు మరో దారి పట్టారు. పరిహారాన్ని పాత రాజు పేరిట జమ రాసి ఉంచుతారు. ఆయనే వచ్చి తీసుకోవాలి. ఆయన వంతు విఫలమైనా మిగతావారి పని ఆగదు.

2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డులను బ్లాక్‌చెయిన్‌పై ఉంచే ప్రయోగాలకు పూనుకుంది. అలాంటి చోట అమ్మినవారి పేరు కొట్టేసి, కొన్నవారి పేరు ఎక్కేలోపు పని ఆగిపోతే ఆ పొలం ఎవరిది? ఆటలో పోయేది పరిహారం. ఇక్కడ పోయేది ఒక కుటుంబం బతుకు.

మీరు తొలి కాంట్రాక్టు రాసే రోజున ప్రతి వరుస దగ్గరా ఆగి, 'ఇది జరగకపోతే?' అని అడగండి. జవాబు కూడా ప్రోగ్రాములోనే రాయండి. తాళం వేసిన గది ముందు నిలబడిన పోస్ట్‌మాన్‌కు ఏం చేయాలో ముందే తెలుసు. మీ ప్రోగ్రాముకూ తెలిసి ఉండాలి.