ప్లాటు ముందు, ప్లాను తర్వాత

చిన్న ఊళ్లలో ఇల్లు కట్టుకోవడానికి ప్లాన్ పాస్ చేయించుకోవడం గురించి మనకు ఒక కథ స్థిరపడిపోయింది. జనానికి రూలంటే లెక్కలేదు, ఆఫీసులో చెయ్యి తడపందే ఫైలు కదల్లేదు, ఆన్‌లైన్ వచ్చాక అంతా గాడిన పడింది: ఇంతే ఆ కథ. అందులో నిజం లేకపోలేదు. కానీ ఫీజు కట్టే స్తోమత, కట్టాలన్న మనసూ ఉన్న టీచర్లు, గుమాస్తాలు, చిల్లర వ్యాపారులు కూడా ప్లాన్ లేకుండానే ఎందుకు ఇళ్లు కట్టుకున్నారో ఆ కథ చెప్పదు. దానికి జవాబు వెతకాలంటే మునిసిపల్ ఆఫీసు గడప దాటి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దాకా వెళ్లాలని నా అభిప్రాయం.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1861లో భీమునిపట్నం, 1866లో గుంటూరు, రాజమండ్రి, కాకినాడ మునిసిపాలిటీలయ్యాయి. అప్పటి పట్టింపంతా మురుగు కాలువలు, తాటాకు కప్పులు, అంటువ్యాధులు. మద్రాసు గవర్నరు పెంట్లండ్ ఆహ్వానం మీద 1914లో పట్టణ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ వచ్చాక పట్టణ రచన గురించిన ఆలోచన ఊపందుకుంది. 1920లో రెండు చట్టాలు పుట్టాయి. జిల్లా మునిసిపాలిటీల చట్టం ఒక్కో ఇంటి సంగతి చూసింది, టౌన్ ప్లానింగ్ చట్టం ఊరంతటి సంగతీ చూసింది. నిజాం రాజ్యంలో మూసీ వరద తర్వాత 1912లో వచ్చిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హైదరాబాదు నగరానికే పరిమితం. జిల్లా పట్టణాల కోసం 1956లో వేరే చట్టం చేశారు. 1965లో రెండు ప్రాంతాలకూ కలిపి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దాలి. గడువులోగా జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క అన్న సూత్రం ఈ మధ్యే పుట్టిందని చాలామంది రాస్తున్నారు. అది 1920 మునిసిపాలిటీల చట్టంలోనే ఉంది, 1965 చట్టంలోకీ వచ్చింది. అధికారి ముప్పై రోజుల్లో తేల్చకపోతే దరఖాస్తుదారు కౌన్సిల్‌కు రాసుకోవచ్చు. కౌన్సిల్ కూడా నెలలోగా తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. అయితే ఆ కట్టడం చట్టానికీ నిబంధనలకీ విరుద్ధంగా ఉండకూడదన్న షరతు పక్కనే ఉంది. స్థలమే అనుమతి లేని లేఅవుట్‌లోదైతే ఆ సూత్రం ఎవరినీ కాపాడలేదు. వందేళ్ల క్రితమే ఉన్న హక్కును సామాన్యుడు ఎందుకు వాడుకోలేకపోయాడో ఆ షరతు దగ్గరే తెలుస్తుంది.

నా వాదనకు కీలకం 1965కూ 2007కూ మధ్య కాలం. స్థలాన్ని ఇళ్ల ప్లాట్లుగా అమ్మదలచినవాడు ముందు రోడ్లు చూపించి లేఅవుట్‌కు అనుమతి తీసుకోవాలని మునిసిపల్ చట్టం చెబుతోంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మాత్రం దస్తావేజు రాసిచ్చినవాడు ఇతనేనా, ఒప్పుకుంటున్నాడా, స్టాంపు సరిపోయిందా అన్నంతవరకే చూస్తుంది. ఆ స్థలం లేఅవుట్‌లో ఉందా, మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో పడింది అని అడగమని సబ్‌రిజిస్ట్రార్‌కు ఆ చట్టం చెప్పలేదు. రెండు చట్టాలూ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే వీధిలో, ఒకదాని ముఖం ఒకటి చూడకుండా నడిచాయి.

దీని ఫలితం ఏ పట్టణం శివారులోనైనా కనిపిస్తుంది. ఎకరానికి 4,840 గజాలు. అనుమతి తీసుకున్న లేఅవుట్‌లో రోడ్లు పోగా పదో వంతు ఖాళీ స్థలంగా వదలాలి, అంటే 484 గజాలు. రెండొందల గజాల ప్లాట్లు రెండు పోయినట్టే. రోడ్డు వెడల్పు తగ్గిస్తే మరో రెండు మిగులుతాయి. ఈ లెక్క వెంచర్ వేసేవాడికి కంఠతా వచ్చు. అతను మునిసిపల్ హద్దుకు అవతల, పంచాయతీ పరిధిలో పొలం కొని, రాళ్లు పాతి, సున్నం గీతలు వేసి అమ్మేవాడు. పంచాయతీలకు లేఅవుట్, భవన నియమాలను వివరంగా చెప్పే జీవో 2002లో గానీ రాలేదు. కొన్నవాడి చేతిలో రిజిస్టరైన దస్తావేజు ఉండేది, ప్రభుత్వం స్టాంపు డ్యూటీ తీసుకుని ముద్ర వేసిచ్చిన కాగితం. పదేళ్లకు ఊరు పెరిగి ఆ పొలం మునిసిపాలిటీలో కలిసేది. అప్పుడు లైసెన్స్‌డ్ సర్వేయర్ చేత ప్లాన్ గీయించుకుని టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు వెళితే, లేఅవుట్ నంబరేదని అడిగేవారు. ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఉండదు. అక్కడినుంచి అతనికి మిగిలిన దారులు రెండే: లంచం, లేదా అనుమతి లేని గోడ. లంచం వ్యాధికి మూలమని చెప్పేవాళ్లు ఈ వరసను తిరగేసి చూస్తున్నారని నాకనిపిస్తుంది.

ఈ వాదనకు హద్దులున్నాయని ఒప్పుకోవాలి. సబ్‌రిజిస్ట్రార్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు, నిరాకరించే అధికారమే చట్టం అతనికి ఇవ్వలేదు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో ప్లాటు కొనలేని కూలీలకు, చిరుద్యోగులకు ఈ వెంచర్లే సొంతిల్లు చూపించాయి. పైగా జోన్ల గొడవ విడిగా ఉంది. 1979-80లో చిన్న, మధ్యతరహా పట్టణాల అభివృద్ధికి కేంద్రం పథకం పెట్టింది. మాస్టర్ ప్లాన్లు కూడా వచ్చాయి గానీ ఊరు పెరిగిన వేగంతో అవి మారలేదు. ఒక్క సర్వే నంబరును వ్యవసాయం నుంచి నివాసానికి మార్చాలన్నా 1920 టౌన్ ప్లానింగ్ చట్టం కిందే రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి, గెజెట్‌లో వేసి అభ్యంతరాలు పిలవాలి. పాత గెజెట్లలో ఇలాంటి మార్పుల ప్రకటనలు వరుసగా కనిపిస్తాయి. పట్టణ ప్రణాళిక కౌన్సిల్ పని కావాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పాక కూడా ఫైలు రాజధానికే వెళ్లింది.

ఆ పైన వచ్చిన క్రమబద్ధీకరణలు ఈ వ్యవస్థను ఇంకా బలహీనం చేశాయి. 1998లో ఒకటి వచ్చింది. 2007 డిసెంబరు 31న ఒకే రోజు రెండు జీవోలు, 901, 902, వచ్చాయి. మొదటిది భవనాలకు, రెండోది లేఅవుట్లకు. భవనాల పథకం 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 దాకా కట్టినవాటికి వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మళ్లీ పథకం పెట్టినప్పుడు మొదటి తేదీ తిరిగి 1985 నుంచే. మొదటిసారి డబ్బు కట్టి సరిచేసుకున్నవాడికీ కట్టకుండా ఎదురుచూసినవాడికీ తేడా లేకుండా పోయింది. ఒక తప్పును ఒక్కసారి మన్నించడంలో తప్పులేదు. మళ్లీ మళ్లీ మన్నిస్తే ముందుగా అనుమతి తీసుకున్నవాడే నష్టపోతాడు.

2020 ఆగస్టు 26న తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపమంది. నూరేళ్లుగా విడివిడిగా నడిచిన రెండు ఆఫీసులు అప్పుడు కలిశాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అదే పెద్ద మలుపు. అయిదు రోజులకే క్రమబద్ధీకరణ జీవో వచ్చింది, పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. డిసెంబరు నెలాఖరుకు, అంతకుముందు ఒకసారి రిజిస్టరైన ప్లాట్లకు మళ్లీ దారి తెరిచారు. ఆ పథకంలో, వదలాల్సిన ఖాళీ స్థలానికి బదులు ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేయాలన్నారు. డబ్బు ఖజానాకు చేరుతుంది, ఆ కాలనీ పిల్లలు ఆడుకోవాల్సిన జాగాలో మాత్రం ఎవరి ఇల్లో ఉంటుంది. ఆ జాగాను ఇక ఎవరూ తెచ్చివ్వలేరు.

అదే ఏడాది తెలంగాణలో వచ్చిన ఆన్‌లైన్ అనుమతుల విధానం టీఎస్-బీపాస్‌లో మెచ్చుకోవాల్సింది చాలా ఉంది. 75 గజాల్లోపు స్థలంలో పేదవాడు ఒక్క రూపాయితో నమోదు చేసుకుని ఇల్లు మొదలుపెట్టవచ్చు. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు లోపు అయితే సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. ఆంధ్రప్రదేశ్‌లోనూ దరఖాస్తులు ఆన్‌లైన్‌లోకి మారాయి. కానీ సొంత ధ్రువీకరణ అంటే తప్పు జరిగితే బాధ్యత యజమానిదే. తన స్థలం ఏ జోన్‌లో ఉందో కొన్నరోజు ఎవరూ చెప్పని మనిషి చేత ఆ సంగతి మీద సంతకం చేయించుకుంటున్నాం.

జోన్లు గీసే పద్ధతి కూడా మారలేదు. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు తమ పంట పొలాలను పరిశ్రమల జోన్‌లో చూపిన ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం పోయింది. ఆ నెల 20న కౌన్సిల్ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. రైతుల పోరాటం న్యాయమైనదే. కానీ ఊరి గతిని నిర్ణయించే పటాన్ని పొలం గట్టు మీద ముందే చర్చకు పెట్టివుంటే ఆ ప్రాణం నిలిచేదేమో. ప్లాను ఆగినంత మాత్రాన పొలాలు ప్లాట్లుగా మారడం ఆగదు.

స్థలం కొనబోయేవాడు ఈరోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకునే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) అమ్మకాలు, తాకట్లు కనిపిస్తాయి. అదే కాగితం మీద ఆ సర్వే నంబరు జోన్, లేఅవుట్ అనుమతి నంబరు కూడా అచ్చవ్వాలి. లేఅవుట్ నంబరు లేకపోతే లేదనే రాసివ్వాలి. ఆన్‌లైన్ అనుమతులకు పెట్టిన శ్రద్ధలో సగం ఈ రెండు వరసల మీద పెట్టమని ప్రభుత్వాలను అడగాల్సింది టౌన్ ప్లానింగ్ చదువుకున్నవాళ్లే.