'పుట్ ఆఫ్' అంటే వాయిదానా, రద్దా?

ఇంగ్లిష్‌లో 'పుట్ ఆఫ్' అంటే ముఖ్యంగా వాయిదా వేయడం. ఈరోజు జరగాల్సిన పని ఇంకో రోజుకు వెళ్తుంది, పోదు. 'కాల్ ఆఫ్' అంటే రద్దు. ఇక ఆ పని ఉండదు. రెండింటి చివరా 'ఆఫ్' ఉండడంతో చాలామంది ఒకటి బదులు ఇంకొకటి వాడేస్తారు. ఇంటర్వ్యూ 'పుట్ ఆఫ్' అయిందని మెయిల్ వస్తే, రద్దయిందనుకుని కొత్త తేదీ చూసుకోకపోతే నష్టం అభ్యర్థికే.

2020లో తెలంగాణ పదో తరగతి పరీక్షలకు ఈ రెండు మాటలూ వర్తిస్తాయి. మార్చిలో కొన్ని పేపర్లు అయ్యాక కరోనా వల్ల మిగతావి హైకోర్టు ఆదేశంతో వాయిదా పడ్డాయి. అంటే 'దే వర్ పుట్ ఆఫ్'. అప్పుడు పిల్లలు పుస్తకాలు మూసే వీల్లేదు. జూన్ 8న ప్రభుత్వం వాటిని రద్దు చేసి, ఇంటర్నల్ మార్కులతోనే అందరినీ పాస్ చేసింది. అంటే 'దే వర్ కాల్డ్ ఆఫ్'. అదే ఏడాది జరగాల్సిన టోక్యో ఒలింపిక్స్ 2021కి వాయిదా పడ్డాయి. వింబుల్డన్ మాత్రం రద్దయింది, ఆ ఏడాదికి ఛాంపియనే లేరు.

వాక్యంలో పెట్టేటప్పుడు కొన్ని చిక్కులున్నాయి. 'పుట్' భూతకాలంలోనూ 'పుట్'గానే ఉంటుంది, 'పుట్టెడ్' అనే మాటే లేదు. 'ఇట్', 'దెమ్' లాంటివి మధ్యలో రావాలి. 'పుట్ ఇట్ ఆఫ్' సరైనది, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. తర్వాత క్రియ వస్తే 'ఇంగ్' రూపంలోనే రావాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తున్నాడు అనాలంటే 'హీ ఈజ్ పుటింగ్ ఆఫ్ గోయింగ్ టు ది డాక్టర్'. ఇక్కడ 'టు గో' అనకూడదు. తెలుగులో 'ఎగ్జామ్ పుట్ ఆఫ్ అయింది' అంటే చెల్లిపోతుంది కానీ, ఇంగ్లిష్‌లో 'ది ఎగ్జామ్ వజ్ పుట్ ఆఫ్' అనాల్సిందే.

ఇంకో అర్థం మనసు విరగడం. హోటల్లో వంటగది చూశాక తినబుద్ధి కాలేదనుకోండి, 'ది కిచెన్ పుట్ మీ ఆఫ్' అంటారు. ఇక్కడ వాయిదా ఏమీ లేదు. లైట్ ఆర్పడానికీ 'పుట్ ఆఫ్' అంటారు, మన ఇళ్లలో బాగా వినిపించేది అదే.

ఉర్దూలో వాయిదా వేయడాన్ని 'ముల్తవీ కర్నా' అంటారు. తెలుగులో వాడే 'వాయిదా', 'రద్దు' రెండూ అరబీ మూలాల నుంచి వచ్చినవే. 'వాయిదా'కు మూలమైన 'వాదా'కు ఉర్దూలో ఇప్పటికీ మాట ఇవ్వడం అనే అర్థం. 'పుట్ ఆఫ్'లోనూ ఆ పని తర్వాత జరుగుతుందన్న భరోసా ఎంతో కొంత ఉంటుంది, 'కాల్ ఆఫ్'లో అది ఉండదు.