దీపం వెలగకపోయినా బెల్టు తెగుతుంది
డీజిల్ కార్ల యజమానులు కిలోమీటర్లతో పాటు ఏళ్లనూ లెక్కించాలి

నారాయణఖేడ్: అర్ధరాత్రి పురిటి నొప్పులతో ఉన్న మహిళను సంగారెడ్డికి తరలించాలన్నా, తెల్లవారుజామున హైదరాబాద్ విమానాశ్రయానికి చేరాలన్నా ఖేడ్ ప్రాంత ప్రజలు అద్దె కార్లనే ఆశ్రయిస్తున్నారు. మనూరు, కంగ్టి, కల్హేర్, సిర్గాపూర్, నాగల్‌గిద్ద మండలాల్లోని పల్లెలకు, తండాలకు ఈ కార్లే ఆధారం. వీటిలో అనేకం ఇప్పటికే ఒకరిద్దరు యజమానుల చేతులు మారిన డీజిల్ వాహనాలు. కొనుగోలుదారులు టైర్లు చూస్తారు, రంగు చూస్తారు, ఇంజిన్ శబ్దం వింటారు. డ్యాష్‌బోర్డుపై ఎర్ర దీపం ఏదీ వెలగకపోతే బండి బాగున్నట్లేనని భావిస్తారు. అయితే ఇంజిన్‌ను ఒక్క క్షణంలో పనికిరాకుండా చేయగల టైమింగ్ బెల్టుకు చాలా కార్లలో హెచ్చరిక దీపమే లేదు. ఏ దీపం ఏం చెబుతుందో, ఏది చెప్పదో తెలుసుకోవడం వాహనదారులకు ఎంతో అవసరం.

రంగును బట్టి తీవ్రత

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డుపై దీపాలన్నీ ఒకసారి వెలిగి, ఇంజిన్ స్టార్ట్ అయిన కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. దీపాల బల్బులు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకునే పరీక్ష ఇదే. తాళం తిప్పినప్పుడు అసలు వెలగని దీపాన్ని కూడా అనుమానించాల్సిందే. పాత వాహనాల్లో లోపం బయటపడకుండా బల్బు తీసేసి అమ్మే అవకాశం లేకపోలేదు.

ఎరుపు దీపం వెలిగితే వాహనాన్ని సురక్షితమైన చోట వెంటనే ఆపాలి. పసుపు దీపం వెలిగితే జాగ్రత్తగా నడిపి, వీలైనంత త్వరగా మెకానిక్‌కు చూపించాలి. ఆకుపచ్చ, నీలం దీపాలు ఇండికేటర్లు, హెడ్‌లైట్లు పనిచేస్తున్నట్లు తెలిపేవి మాత్రమే.

ఎర్ర దీపాలు: ఆపాల్సిందే

ఆయిల్ డబ్బా గుర్తు: ఇది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని తెలిపే దీపం. ఆయిల్ కొద్దిగా తగ్గిందనే సూచనగా దీన్ని తీసుకోవడం పొరపాటు. దీపం వెలిగిన తర్వాత మరో రెండు కిలోమీటర్లు నడిపినా బేరింగులు అరిగి ఇంజిన్ పట్టేసే ప్రమాదం ఉంది. ఇంజిన్ ఆపి, కొంతసేపటి తర్వాత గేజి కడ్డీతో ఆయిల్ చూడాలి. ఆయిల్ సరిపడా ఉన్నా దీపం ఆరకపోతే వాహనాన్ని నడపకుండా తరలించుకోవాలి.

థర్మామీటర్ గుర్తు: ఇంజిన్ హద్దు దాటి వేడెక్కిందని అర్థం. వేడి మీద రేడియేటర్ మూత తెరిస్తే మరిగే నీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలిపోతాయి. పూర్తిగా చల్లారాకే మూత తీయాలి.

బ్యాటరీ గుర్తు: ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇవ్వడం లేదని సూచన. బయటి బెల్టు తెగినప్పుడు సాధారణంగా ఈ దీపం వెలుగుతుంది. కొన్ని డీజిల్ వాహనాల్లో బ్రేకుకు బలాన్నిచ్చే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్‌కే అమర్చి ఉంటుంది. అలాంటి వాహనాల్లో ఈ బెల్టు తెగితే బ్రేకు పెడల్ కూడా గట్టిపడుతుంది. కాబట్టి బ్యాటరీ దీపమే కదా అని తేలిగ్గా తీసుకోరాదు.

బ్రేకు గుర్తు: హ్యాండ్‌బ్రేకు దించినా ఆరకపోతే బ్రేకు ఆయిల్ తగ్గి ఉండవచ్చు. లీకేజీ కనుక్కోకుండా ఆయిల్ మాత్రమే పోసి ప్రయాణించరాదు.

పసుపు దీపాలు: డీజిల్‌కు ప్రత్యేకం

స్ప్రింగులా చుట్టుకున్న తీగ గుర్తు గ్లో ప్లగ్‌లది. మెకానిక్‌లు వీటినే హీటర్ ప్లగ్‌లు అంటారు. చలికాలపు ఉదయం ఈ దీపం ఆరే వరకు ఆగి స్టార్ట్ చేయాలి. వాహనం నడుస్తుండగా ఇది మిణుకు మిణుకుమంటే కొన్ని కంపెనీల కార్లలో ఇంజిన్ నియంత్రణ వ్యవస్థలో లోపముందని అర్థం.

నీటి చుక్కతో కూడిన ఫిల్టర్ గుర్తు డీజిల్‌లో నీరు చేరిందని చెబుతుంది. డబ్బాల్లో, డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోసినప్పుడు, వర్షాకాలంలో ఈ సమస్య ఎదురవుతుంది. ఫిల్టర్ అడుగున ఉన్న మరను వదులు చేసి నీటిని తీసేయాలి. నిర్లక్ష్యం చేస్తే ఖరీదైన పంపు, ఇంజెక్టర్లు పాడవుతాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలతో డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది. దాని దీపం వెలిగితే ఇంజిన్ ఆపకుండా రహదారిపై కొంతసేపు ఒకే వేగంతో నడపాలి. పొగ వేడికి మసి కాలిపోయి ఫిల్టర్ శుభ్రపడుతుంది. వీధుల్లో అయిదారు నిమిషాలు మాత్రమే తిరిగే కార్లలో ఈ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది.

ఇంజిన్ బొమ్మ దీపం వెలిగితే కారణం ఒక్కటే కాదు. సెన్సర్ నుంచి ఇంజెక్టర్ వరకు ఏదైనా కావచ్చు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలించి లోపాన్ని చదివించాలి. బ్యాటరీ తీగ పీకి దీపాన్ని ఆర్పితే లోపం పోదు, దాని ఆనవాలు మాత్రమే చెరిగిపోతుంది.

దీపం లేని బెల్టు

బయటికి కనిపించే ఫ్యాన్ బెల్టు వేరు, మూత వెనుక ఉండే టైమింగ్ బెల్టు వేరు. మొదటిది ఆల్టర్నేటర్, ఏసీ వంటి వాటిని తిప్పుతుంది. రెండోది ఇంజిన్ కింది భాగంలోని క్రాంక్‌షాఫ్ట్‌ను, పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను కలుపుతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి వెయ్యిసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఈ లయను కాపాడేది ఆ పళ్ల బెల్టే.

పెట్రోలు ఇంజిన్ గాలిని సుమారు పదో వంతుకు కుదిస్తే, డీజిల్ ఇంజిన్ పదహారు నుంచి ఇరవయ్యో వంతు వరకు కుదిస్తుంది. అందుకే పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ, వాల్వులకూ మధ్య ఖాళీ అతి స్వల్పం. బెల్టు తెగితే క్యామ్ ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం వేగం మీద తిరుగుతూనే ఉంటుంది. తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్లు ఢీకొడతాయి. వాల్వులు వంగడం, రాకర్లు విరగడం, ఒక్కోసారి పిస్టన్ పగలడం వరకు వెళ్తుంది. హెడ్ దింపక తప్పదు. బెల్టు మార్పిడికయ్యే ఖర్చుకు అది ఎన్నో రెట్లు.

బెల్టును రబ్బరు, గాజు పోగులతో తయారు చేస్తారు. 1962లో జర్మనీలో వచ్చిన గ్లాస్ 1004 కారు పళ్ల టైమింగ్ బెల్టుతో భారీగా తయారైన మొదటి కారు. శబ్దం, బరువు, ధర తక్కువ కావడంతో ఆ తర్వాత అనేక కంపెనీలు ఈ బాట పట్టాయి. రబ్బరు వేడికి, వయసుకు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఇంజిన్ ఆయిల్, కూలెంట్ లీకై తగిలితే మరింత త్వరగా చెడుతుంది. చాలాసార్లు తెగేముందు శబ్దం కూడా రాదు.

ఏ కారులో ఏముంది?

అన్ని డీజిల్ ఇంజిన్లలోనూ బెల్టు ఉండదు. మారుతీ స్విఫ్ట్, డిజైర్ కార్లలో వాడిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో ఉన్నది గొలుసు. టయోటా ఇటియోస్ డీజిల్, హోండా అమేజ్ డీజిల్, హ్యుందాయ్ ఐ20 1.4 లీటర్ల డీజిల్ కూడా గొలుసు ఇంజిన్లే. టాటా ఇండికా 1.4 లీటర్ల డీజిల్, రెనో డస్టర్ 1.5 లీటర్ల డీజిల్, ఫోక్స్‌వ్యాగన్ పోలో, వెంటో డీజిల్, ఫోర్డ్ ఫిగో 1.4 లీటర్ల డీజిల్ కార్లలో టైమింగ్ బెల్టు ఉంటుంది.

కారు పేరును మాత్రమే నమ్ముకోరాదు. ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ ఇంజిన్‌కు గొలుసు ఉంటే, అదే విస్టాలో 1.4 లీటర్ల ఇంజిన్‌కు బెల్టు ఉంది. 2005లో దేశంలోకి వచ్చిన ఇన్నోవా 2.5 లీటర్ల ఇంజిన్ బెల్టుతో నడిస్తే, 2016లో వచ్చిన క్రిస్టా 2.4 లీటర్ల ఇంజిన్‌లో గొలుసు అమర్చారు.

గొలుసుకు సాధారణంగా మార్పిడి గడువు ఉండదు. అంతమాత్రాన నిశ్చింత కాదు. గొలుసును బిగించే టెన్షనర్ చాలా ఇంజిన్లలో ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ మార్పు వాయిదా వేస్తే గొలుసు సాగుతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందు భాగంలో గలగల శబ్దం వస్తే వెంటనే చూపించాలి.

ఇన్నోవా దీపం చెప్పేదెంత?

బెల్టుకు ప్రత్యేక దీపం ఉన్న వాహనాల్లో 2.5 లీటర్ల ఇన్నోవా ఒకటి. డ్యాష్‌బోర్డుపై 'టీ-బెల్ట్' అనే అక్షరాలు వెలిగితే మార్పిడి సమయం వచ్చినట్లు. ఈ ఇంజిన్‌కు మన దేశంలో లక్ష కిలోమీటర్లకు బెల్టు మార్చడం ఆనవాయితీ. అయితే ఈ దీపం బెల్టును పరీక్షించి వెలిగేది కాదు. తిరిగిన కిలోమీటర్లను మాత్రమే లెక్కించి వెలుగుతుంది. గడువుకు ముందే బెల్టు చెడిపోతే అది చెప్పలేదు. బెల్టు మార్చకుండానే దీపాన్ని ఆర్పినా, బండి కొన్నవారికి తెలిసే మార్గం లేదు.

గడువు లెక్క ఇలా..

తయారీ సంస్థలు గడువును కిలోమీటర్లలోనూ, ఏళ్లలోనూ ఇస్తాయి. ఏది ముందు పూర్తయితే అదే గడువు. మోడల్‌ను బట్టి ఇది మారుతుంది కనుక కారుతో ఇచ్చిన పుస్తకంలోని అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

ఉదాహరణకు లక్ష కిలోమీటర్లు లేదా 5 ఏళ్లు గడువు అనుకుందాం. ఖేడ్ నుంచి నిజాంపేట మీదుగా 161వ జాతీయ రహదారి ఎక్కి రోజుకు 200 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగే ట్యాక్సీ నెలకు 5,000 కిలోమీటర్లు నడుస్తుంది. లక్ష కిలోమీటర్లు 20 నెలల్లోనే పూర్తవుతాయి. అయిదేళ్లు ఉందిలే అనుకుంటే అప్పటికి మూడు లక్షలు పూర్తవుతాయి. అదే సొంత అవసరాలకు నెలకు 500 కిలోమీటర్లు మాత్రమే తిరిగే ఉపాధ్యాయుడి కారు అయిదేళ్లలో 30,000 కిలోమీటర్లే నడుస్తుంది. మీటరు చూసి బెల్టు కొత్తదేనని భావిస్తే, రబ్బరుకు మాత్రం అయిదేళ్లు నిండిపోయాయి. మొదటి యజమానిని కిలోమీటర్లు, రెండో యజమానిని ఏళ్లు దెబ్బతీస్తాయి.

పాత కారు కొనేవారికి..

మీటరు వెనక్కి తిప్పిన బండ్లలో ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. కొనే ముందు రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరుతో అధీకృత సర్వీసు కేంద్రంలో పాత సర్వీసు వివరాలు అడగాలి. బెల్టు మార్చినట్లు బిల్లు ఉంటే తేదీ, కిలోమీటర్లు సరిచూసుకోవాలి. బిల్లు లేకపోతే, మార్చామన్న మాట ఎంత నమ్మకంగా చెప్పినా మార్చలేదనే భావించి, కొన్న వెంటనే మార్పించడమే క్షేమం. ఆ ఖర్చును బేరంలోనే కలుపుకోవాలి. వాయిదాలు కడుతున్న ఓనర్ కమ్ డ్రైవర్‌కు ఇంజిన్ చెడితే మరమ్మతు ఖర్చుతో పాటు షెడ్డులో బండి ఉన్నన్నాళ్లూ కిరాయి పోతుంది, వాయిదా మాత్రం ఆగదు.

మార్పిడిలో పాటించాల్సినవి

* బెల్టు ఒక్కటే మార్చి సరిపెట్టుకోరాదు. టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు కూడా మార్చాలి. బేరింగు పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది.
* నీటి పంపు ఇదే బెల్టుతో తిరిగే ఇంజిన్లలో దాన్నీ అప్పుడే మార్చాలి. మళ్లీ విప్పే కూలీ మిగులుతుంది.
* ఇంజిన్ ముందు భాగంలో ఆయిల్ సీలు లీకవుతుంటే ముందుగా సరిచేయాలి.
* పళ్ల గుర్తులు కలిపాక ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి సరిచూసిన తర్వాతే స్టార్ట్ చేయించాలి. ఒక్క పన్ను తప్పినా ముప్పే.
* పాత బెల్టును, బిల్లును అడిగి తీసుకోవాలి. తేదీ, కిలోమీటర్లు రాసిన చీటీని బెల్టు మూతపై అంటించాలి.

దారిలో ఆగిపోతే..

నడుస్తున్న కారు కుదుపు లేకుండా ఒక్కసారిగా ఆగి, సెల్ఫ్ కొడితే ఇంజిన్ మామూలు కంటే తేలిగ్గా గిర్రున తిరుగుతుంటే టైమింగ్ బెల్టు తెగిందని అనుమానించాలి. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టరాదు. నలుగురూ కలిసి తోసి గేరులో స్టార్ట్ చేసే ప్రయత్నం అసలే చేయరాదు. తిప్పిన ప్రతిసారీ మిగిలిన వాల్వులు కూడా వంగుతాయి. న్యూట్రల్‌లో ఉంచి షెడ్డుకు తరలించాలి.

హెచ్చరిక దీపాలు ఒత్తిడి, వేడి, చార్జింగ్ గురించి నమ్మకంగా చెబుతాయి. బెల్టు విషయంలో ఆ బాధ్యత యజమానిదే. డైరీలో రాసుకున్న ఒక తేదీ, మూతపై అంటించిన ఒక చీటీ.. అర్ధరాత్రి పేషెంటుతో బయల్దేరిన కారును నడిదారిలో ఆగిపోకుండా కాపాడగలవు.