గెడ్డ అంచు దోమ

అనంతగిరి దగ్గరి గాలికొండ మీద 1860 ప్రాంతంలో ఇంగ్లీషు ప్రభుత్వం ఒక ప్రయత్నం చేసి చూసింది. విశాఖపట్నం ఎండలకు తాళలేని తెల్ల సిపాయిలకు కొండ మీద చల్లని విడిది ఏర్పాటు చేయాలనుకుంది. నీలగిరుల్లో ఊటీ కుదిరినట్టే ఇక్కడా కుదురుతుందని ఆశపడింది. పైకి వెళ్లిన సిపాయిలు జ్వరాలతో మంచం పట్టారు, ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. పడమటివైపు జయపురంలో మకాం వేసిన దొరలవీ అవే పాట్లు. చివరికి 1870లో కచేరీని కోరాపుట్‌కు మార్చుకున్నారు. అంతకు చాలా ముందే, 1839 చట్టం ఈ కొండలను మామూలు చట్టాల నుంచి తప్పించి కలెక్టరుకే గవర్నరు ఏజెంటుగా అధికారాలిచ్చింది. ‘ఏజెన్సీ’ అన్న మాట మనకు అలా వచ్చిందే. ఆ ఏర్పాటు ఎందుకు కావలసి వచ్చిందంటే చరిత్రకారులు సాధారణంగా ఘాట్లు, దట్టమైన అడవి, కొండ ఊళ్ల పెత్తందారులైన ముఠాదారుల పట్టు అని చెబుతారు. అవన్నీ నిజమే. కానీ అడవిని కొట్టవచ్చు, ఘాటుకు రోడ్డు వేయవచ్చు, ముఠాదారును లొంగదీసుకోవచ్చు. పైకి ఎక్కిన మనిషిని అక్కడ స్థిరపడనివ్వని కారణం మరొకటి ఉంది. అది ఒక దోమ. దాని అలవాట్లు పట్టించుకోకుండా మన్యం గతాన్ని చెబితే సగమే చెప్పినట్టు.

దాని శాస్త్రీయ నామం అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. లాటిన్‌లో ఫ్లూవియాటిలిస్ అంటే ఏటికి చెందినది. మురుగు గుంటలో పెరిగే దోమ కాదిది. తేటగా, నెమ్మదిగా పారే గెడ్డల అంచుల్లో, గడ్డిపోచలు నీళ్లలోకి వాలిన చోట, ఊట నీళ్లు దిగే మడుల్లో గుడ్లు పెడుతుంది. దీని పిల్లపురుగులు మామూలు దోమల పిల్లల్లా తలకిందులుగా వేలాడవు, నీటిపొరకు సమాంతరంగా పడుకుంటాయి. తలను వెనక్కి పూర్తిగా తిప్పి, నీటి పైపొర మీద తేలే ఆహారాన్ని దువ్వుకుని తింటాయి. కుండపోత వానల్లో గెడ్డ పొంగితే ఇవి కొట్టుకుపోతాయి. వానలు వెనకబట్టి, నీళ్లు తేరుకుని, ఒడ్డున గడ్డి లేచాక వీటికి అసలైన కాలం. అంటే మబ్బు విడిచి, మంచు దిగి, కొండలు అందంగా కనిపించే నెలలే. అధికారులు గుర్రాలెక్కి తనిఖీలకు బయల్దేరడానికి అనువైన కాలమూ అదే. తల్లిదోమ రాత్రి వేళ మనిషి ఊపిరిని, చెమట వాసనను పట్టుకుని ఇంట్లోకి వస్తుంది. రక్తం తాగాక దూరం పోకుండా ఆ ఇంటి గోడ మీదే చీకటి మూలన వాలి అరిగించుకుంటుంది. బయట చలి ఎంత ఉన్నా పొయ్యి ఆరని గదిలో వెచ్చగా ఉంటుంది. దోమ కడుపులో మలేరియా క్రిమి ఎదగడానికి పది రోజులు, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి ఆ వెచ్చదనం క్రిమికీ పనికొస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావడం న్యాయమే. ఈ దోమ ఇంకా ఎన్నో చోట్ల ఉంది కదా, అక్కడెక్కడా లేని భయంకర జ్వరం ఈ కొండల్లోనే ఎందుకు? దీనికి జవాబు 1994లో దొరికింది. మన దేశపు శాస్త్రజ్ఞులు క్రోమోజోముల చారలను పరిశీలించి, ఒకే పేరుతో చలామణి అవుతున్న ఈ దోమ నిజానికి అనేక జాతుల గుంపని తేల్చారు. వాటికి ఎస్, టి, యు అని పేర్లు పెట్టారు. కంటికి తేడా తెలియదు, తేడా అంతా అలవాట్లలోనే. టి రకం ఎక్కువగా పశువుల రక్తం తాగి పశువుల పాకలో వాలుతుంది. ఎస్ రకం మనిషినే కోరుతుంది, మనిషి ఇంట్లోనే వాలుతుంది. ఒడిశా కొండల్లో తిష్ఠ వేసింది ఈ ఎస్ రకమే. లెక్క వేసి చూస్తే ఈ చిన్న తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. దోమ ఒక రోగిని కుట్టి, కనీసం పది రోజులు బతికి, మళ్లీ మరో మనిషిని కుడితేనే జ్వరం పాకుతుంది. మధ్యలో ఆవునో గేదెనో కుట్టిన కాటు క్రిమికి వృథా. ప్రతిసారీ మనిషినే వెతుక్కునే దోమకు ఒక్క కాటూ వృథా కాదు.

కొండ నీళ్లు తాగితే జ్వరం వస్తుందని మైదానపు జనం నమ్మేవారు. అడవి నుంచి లేచే చెడుగాలి కారణమని దొరలు నమ్మేవారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో క్రిమిని చూశాక గాలి సిద్ధాంతం కూలింది. నీటి మాట మాత్రం పూర్తిగా తప్పని నేను అనను. జ్వరాన్ని మోసుకొచ్చేది ఆ గెడ్డలోనే పుట్టింది మరి. నీళ్లు తాగడమే కారణం కాదు, నీళ్ల పక్కన నిద్రపోవడం కారణం. 1914లో పెర్రీ అనే వైద్యాధికారి జయపురం కొండల మలేరియాను పరిశీలించి నివేదిక రాశాడు. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం ఈ కొండల అంచునే సాగింది. బెంగాల్ నాగపూర్ రైల్వే సీనియర్-వైట్ అనే మలేరియా నిపుణుణ్ణి పెట్టుకుని, ఈ కొండల దోమల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేయించింది. జ్వరంతో కూలీలు పడిపోతుంటే పట్టాలు పడవని కంపెనీకి అనుభవంలో తెలిసింది.

నా వాదనకు పెద్ద అడ్డంకి ఇప్పుడు వస్తుంది. దోమే కాపలా కాస్తే సారా కాంట్రాక్టర్లు, అప్పులిచ్చే వర్తకులు కొండల్లోకి ఎలా ఎక్కారు? గిరిజనుల భూములు ఎందుకు పోయాయి? మద్రాసు ప్రభుత్వం 1917లోనే వడ్డీలకు, భూముల బదిలీకి అడ్డుకట్ట వేస్తూ చట్టం తేవలసి వచ్చింది కదా? 1879–80 రంప పితూరీలో జ్వరాలు ప్రభుత్వ బలగాలను బాగా దెబ్బతీశాయి, అయినా పితూరీ అణగిపోయింది. అల్లూరి సీతారామరాజు పోరాటం 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషన్ మీద దాడితో మొదలై, 1924 మేలో ఆయనను కాల్చి చంపడంతో దాదాపు ముగిసింది. కొండ యుద్ధానికి అలవాటుపడ్డ అస్సాం రైఫిల్స్‌ను దింపి ప్రభుత్వం పని పూర్తి చేసుకుంది. కాబట్టి దోమ యుద్ధాలు గెలిపించిందని నేను చెప్పడం లేదు. అది ఏ పక్షమూ వహించదు. సైన్యం వచ్చి పోయేది, వర్తకుడు సంతకు వచ్చి దిగిపోయేవాడు, కొందరు తెగించి ఉండిపోయారు కూడా. దోమ ఆపగలిగింది వేలాది కుటుంబాలు పెళ్లాం పిల్లలతో వచ్చి స్థిరపడే పెద్ద వలసను. దోపిడీ సాగడానికి కొద్దిమంది చాలు, ఒక సీమ జనాభానే మార్చడానికి చాలరు.

మరి కొండవాళ్లకు ఈ దోమ నేస్తమా అంటే, ఆ మాట అనడమే అన్యాయం. వాళ్లకు జ్వరం రాదని మైదానంలో ఒక అపోహ ఉండేది. 1924లో క్రిస్టఫర్స్ అనే శాస్త్రజ్ఞుడు ఉత్తరాన సింగ్‌భూమ్ గనుల దగ్గరి ఆదివాసీ పిల్లల రక్తాన్ని పరీక్షించి ఆ అపోహ వెనక నిజాన్ని బయటపెట్టాడు. పసితనంలో ఒంటి నిండా క్రిములు ఉంటాయి. ఆ గండం దాటి బతికిన వాళ్లలో పెద్దయ్యేసరికి తట్టుకునే శక్తి కూడుతుంది. బయటినుంచి వచ్చినవాడు చూసేది ఆ బతికిన పెద్దవాళ్లనే. పొట్టలో బల్ల పెరిగి చనిపోయిన పసివాళ్లు అతనికి కనపడరు. అంతకంటే పాత సాక్ష్యం నెత్తురులోనే ఉంది. సికిల్ సెల్ జన్యువు ఒక్కటి ఉంటే మలేరియా మరణం నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండూ వస్తే జీవితాంతం నొప్పులు, రక్తహీనత. మన తూర్పు కనుమల గిరిజనుల్లో ఆ జన్యువు గణనీయంగా ఉండటమంటే, ఎన్నో తరాలుగా ఈ జ్వరం ఇక్కడ పిల్లలను తీసుకుపోతూ వచ్చిందనే అర్థం.

ఆ దోమను దెబ్బకొట్టింది దాని అలవాటే. తాగాక గోడ మీద వాలుతుంది కాబట్టి గోడకు డీడీటీ పూస్తే చాలు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యే నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల కేసులు, 8 లక్షల మరణాలని అంచనా. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఆ దశాబ్దంలోనే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం అనంతగిరి, అరకుల మీదుగా కొండలను తొలుచుకుంటూ వెళ్లింది. ఆ లైను వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం, మలేరియా తగ్గిందని కాదు. కానీ వేలమంది కూలీలను ఏళ్ల తరబడి ఆ లోయల్లో ఉంచగలగడం ముప్పై ఏళ్ల ముందు అంత సులువుగా సాధ్యమయ్యేది కాదు. గిరిజన ప్రాంతాల భూమి బదిలీ నిబంధనలు 1959లో వచ్చి, 1970లో ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా గట్టిపడ్డాయి. వాటికి వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి. అయినా జ్వరభయం తగ్గిన ఇరవై ఏళ్లలోనే చట్టపు కంచె బిగించవలసి రావడం కాకతాళీయమని నేను అనుకోను.

జ్వరం పూర్తిగా పోలేదు. 1976లో దేశంలో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. ఏజెన్సీలో దానికి ఒక ఇంటి కారణమూ తోడవుతుంది. ఇక్కడి ఇళ్ల గోడలను పండగలకు ఎర్రమట్టితో అందంగా అలుకుతారు. మందు కొట్టిన వారానికే గోడ అలికితే మందు మట్టి కిందికి పోతుంది, దోమ కొత్త పూత మీద హాయిగా వాలుతుంది. అలకొద్దని ఇల్లాలికి చెప్పడం కంటే, ఆ ఊరి పండగ ఎప్పుడో అడిగి, అలికిన తర్వాత మందు కొట్టడం మేలు. ఆరోగ్య శాఖ తన పిచికారీ తేదీలను ఊరి పండగల లెక్కతో వేసుకోవాలి.