పాత గ్లైడరు మీది రంగులు



పాత వస్తువునకు పట్టిన రంగును గీకివేయుట చేతిపని మాత్రమే కదా, దానియందు చరిత్ర యేమున్నదని మీలో కొందరనుకొనవచ్చును. నేనును ఒకప్పుడట్లే తలచితిని. అది తప్పని తెలిసిన విధమును చివర విన్నవించెదను. ముందుగా ఒక కొయ్య విమానము కథ వినుడు.

గ్లైడరు అనగా యంత్రము లేని విమానము. గ్రద్ద రెక్కలాడింపకయే వేడిగాలి యూతతో పైకి పోవుటను మనము పొలములలో చూచుచునే యున్నాము. గ్లైడరును అట్లే యెగురును. 1919 నాటి వెర్సాయి సంధి జర్మనీకి యుద్ధవిమానములు లేకుండ జేసి, విమాననిర్మాణమునకు కట్టుబాట్లు విధించెను. అందుచే అచ్చటి యువకులు యంత్రము లేని విమానములపై మనసు నిలిపిరి. 1920లో రోన్ కొండలలోని వాసర్‌కుప్పె శిఖరమున వారి తొలి పోటీలు జరిగెను. సైలీసియా సీమలోని గ్రూనౌ అను నూర ఎడ్మండ్ ష్నైడర్ అను నిర్మాత 1931లో ‘గ్రూనౌ బేబీ’ యను గ్లైడరును రూపొందించెను. ఇట్టివి వేలకొలది తయారైనవి.

తరువాత వచ్చిన ‘బేబీ’ నమూనా రెక్కలు ఈ కొన నుండి ఆ కొనకు సుమారు 13.5 మీటర్లు. బరువు మాత్రము దాదాపు 170 కిలోలు. రెండు ధాన్యపు బస్తాల కంటె కొంచెమెక్కువ. ఒడలికిని, రెక్కల ముందంచునకును పలుచని ప్లైవుడ్ తొడుగు. రెక్కల వెనుకభాగమునకు గుడ్డ. ఇన్నింటిని పట్టి యుంచునది జిగురు. ఆ కాలపు గ్లైడర్లలో పెక్కింటికి పాలను విరిచి తీసిన కేసీను జిగురు వాడిరి. తడి తగిలినచో దానికి బూజు పట్టును, పట్టు సడలును. ఆ జిగురునే నమ్మి మనిషి ఆకాశమునకు పోవుచున్నాడు.

ఇక రంగుల మాట. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన పిమ్మట గ్లైడరు సంఘములన్నియు ప్రభుత్వము చేతిలోనికి పోయినవి. మనకు మంగళచిహ్నమైన స్వస్తికమును ఆ ప్రభుత్వము తన గుర్తుగా గైకొని విమానముల తోకలపై వ్రాయించెను. అది లక్షల జనులకు మృత్యుచిహ్నమైనది. 1945లో జర్మనీ ఓడిన తరువాత విజేతలు అచ్చట గ్లైడర్లను నిషేధించిరి. అనేకములు తగులబడిపోయినవి. కొన్నింటిని బ్రిటిషు సైనికులు తమ సంఘములలో ఎగురవేసికొనిరి. వానికి క్రొత్త గుర్తులు, క్రొత్త రంగులు వచ్చినవి. జర్మనీలో మరల అనుమతి లభించినది 1951లో. ఆ యేటనే ష్నైడర్ ఆస్ట్రేలియాకు వలసపోయెను. గ్రూనౌ పోలండు దేశములో చేరి యెజూఫ్ సుదెట్స్కి అయినది. కర్తకు దేశము మారినది. ఊరికి పేరు మారినది. గ్లైడరుకు రంగు మారినది.

అట్లయిన ఆ రంగును తీయనేల? పొరపై పొర చేరినకొలది బరువు పెరుగును. పగిలిన రంగు క్రింద తేమ నిలుచును. అన్నిటికంటె ముఖ్యముగా, జిగురు అతుకుల స్థితి కంటికి కానరాదు. విమానము మరల ఎగురవలెనన్నచో వానిని పరీక్షింపక తప్పదు.

తీయు విధమునందు తొందర పనికిరాదు. రంగును కరిగించు మందులు కొయ్యలోనికి ఇంకి జిగురును చెరుపవచ్చును. డైక్లోరోమీథేన్ కలిసిన మందుల ఆవిరి గాలి యాడని గదిలో ప్రాణములు తీసినది. నిప్పుసెగ చూపినచో అతుకులు విడవచ్చును. గుడ్డపై పూసిన నైట్రోసెల్యులోసు లేపనము భగ్గున మండును. పాత రంగులలో సీసముండుట కలదు గనుక దాని పొడి పీల్చరాదు. అందుచే ముక్కునకు తగిన తొడుగు ధరించి, మొద్దుబారిన అంచుగల రేకుతో మెల్లగా గీకి, పిమ్మట సన్నని ఉప్పుకాగితముతో కొయ్య నార వెంబడి చేతితోనే రుద్దవలెను. ప్లైవుడ్ మందము ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఒక్క క్షణ మేమరినచో పైపొర యరిగిపోవును. గుడ్డ మీది రంగును గీకరు. గుడ్డనే తీసి క్రొత్తది కప్పుదురు.

అయితే తెలిసినవాడు ఇంతకు ముందే మరియొక పని చేయును. అరచేయి యంత చోట రంగును ఏటవాలుగా అరగదీయును. అప్పుడు చెట్టు మొదట నరికినచోట వలయములవలె, పొరలన్నియు వరుసగా కనబడును. ఏ పొరపై ఏ యంకె యున్నదో, ఏ గుర్తున్నదో కొలిచి, వ్రాసి, చిత్రము తీసికొనును. అసహ్యమైన గుర్తైనను వ్రాసికొనక చెరుపడు. జర్మనీలో ఆ స్వస్తికమును బహిరంగముగా ప్రదర్శించుట చట్టవిరుద్ధము. చరిత్రబోధకు మాత్రము వెసులుబాటు కలదు. దానిని మరల వ్రాయకుండుట వేరు, అది యుండెననుటయే లేకుండ జేయుట వేరు.

ఇక నా మాట. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్నప్పుడు పాఠశాలలో నొక పాత కొయ్య బీరువా యుండెను. వార్షికోత్సవమునకు క్రొత్త రంగు వేయింపదలచి, పాతదంతయు గీకివేయుమని వడ్రంగికి చెప్పితిని. సాయంకాలము పోయి చూడగా తలుపుపై అడుగుపొరలో కొన్ని నల్లని యక్షరములు మిగిలియున్నవి. ‘జ్ఞాపకార్థము’ అను మాట మాత్రమే చదువవచ్చినది. ఎవరి జ్ఞాపకార్థమో, ఆ పేరు నేలమీది పొడిలో కలిసిపోయెను. ఊరి వృద్ధుల నడిగితిని, ఎవరికిని తెలియలేదు. వడ్రంగి నా యాజ్ఞ నెరవేర్చెను, తప్పు నాది. ఎవరో తమవారి పేరు నిలువవలెనని ఇచ్చిన బీరువాలో, పేరు తప్ప తక్కినదంతయు నిలిచినది.

పెద్దలారా, రంగు తీయవలదని నేననను. మీ దేవాలయపు వాహనమునకో, చావడి తలుపునకో క్రొత్త రంగు వేయించునప్పుడు, ముందొక మూల మెల్లగా గీకి చూడుడు. కనబడినదానిని వ్రాయించుడు, ఇంటిలోని పిల్లవాని ఫోనుతో నొక చిత్రము తీయించుడు. ఆ పిమ్మట పని సాగింపుడు.

సెలవు.