గడుల కాగితం మీద మొదలైన ఆట

సాంచా మీద చీర అంచు, నోట్‌బుక్‌లో గేమ్ మ్యాపు, ఎక్సెల్ షీట్‌లో పోరు లెక్క... ఈ మూడింటికీ ఒకటే పుట్టుక

సిరిసిల్ల సాంచా (మరమగ్గం) మీదికి కొత్త చీర అంచు ఎక్కాలంటే ముందు అది గడుల కాగితం మీద పుట్టాలి. పడుగు పోగు, పేక పోగు కలిసే ఒక్కో చోటుకీ కాగితం మీద ఒక్కో గడి. నింపిన గడి దగ్గర పడుగు పైకి లేస్తుంది, వదిలేసిన గడి దగ్గర కిందే ఉంటుంది. మామిడి పిందె కొస ఎక్కడ వంగాలో, నెమలి మెడ ఎన్ని పోగుల తర్వాత తిరగాలో మగ్గం కదలకముందే తేలిపోవాలి. 2017లో బతుకమ్మ చీరల పని మొదలయ్యాక సాంచాలకు డిజైన్ నేసే డాబీలు, జకార్డ్‌లు బిగించుకున్న ఊరు ఇది. చేమగ్గం మీద జీ20 చిహ్నాన్ని నేసిన వెల్ది హరిప్రసాద్ పేరు 2022 నవంబర్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’ ద్వారా దేశమంతా వింది. అలాంటి నేత వెనుక ఎంత లెక్క ఉంటుందో సిరిసిల్లలో ఎవరినడిగినా చెబుతారు.

వీడియో గేమ్ మొదలుపెట్టే ముందు నోట్‌బుక్‌లో మ్యాపు గీసుకునేవాళ్లు, ఎటు పోవాలో బాణాలు వేసుకునేవాళ్లు, ఎక్సెల్ షీట్‌లో కూడికలు, తీసివేతలు కట్టేవాళ్లు చేసే పని కూడా ఇదే. ఇంట్లో పెద్దలకు అది వృథా ప్రయాసగా కనిపిస్తుంది. దాని చరిత్ర తిరగేస్తే మాత్రం చదువుకు, వృత్తికి, ఆటకు మూలమైన ఒకే విద్య బయటపడుతుంది.

మగ్గం నుంచి కంప్యూటర్‌కు

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో తెచ్చిన మగ్గంలో గడుల కాగితం మీది డిజైన్ అట్టల మీద రంధ్రాలుగా మారింది. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. 1830లలో ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన గణన యంత్రానికి ఆ రంధ్రాల అట్టలనే ఎంచుకున్నాడు. 1843లో ఎడా లవ్‌లేస్ ఆ యంత్రాన్ని వివరిస్తూ జకార్డ్ మగ్గంతోనే పోల్చింది. 20వ శతాబ్దంలో వచ్చిన కంప్యూటర్లు కూడా చాలాకాలం రంధ్రాల కార్డుల ద్వారానే ఆదేశాలు అందుకున్నాయి.

1985లో గేముల కంపెనీ నింటెండోలో షిగెరు మియమోటో, తకాషి తెజుకా ‘సూపర్ మారియో బ్రదర్స్’ దశలను గడుల కాగితం మీద గీసి ప్రోగ్రామర్లకు అందించారు. మారియో తలతో గుద్దే ఇటుకలు, దూకి దాటే గొట్టాలు మొదట నింపిన గడులే. సిరిసిల్ల డిజైనర్ చేతికి ఆ కాగితం ఇస్తే ఇట్టే చదివేస్తాడు.

కోట, ఉత్తరం, చదరంగం

పోరును ముందుగా కాగితం మీద నడపడం జగిత్యాలకు పాత సంగతే. 18వ శతాబ్దపు జగిత్యాల కోటను ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో కట్టారని చెబుతారు. చుట్టూ కందకం, నక్షత్రంలా పొడుచుకొచ్చే గోడలు. ఈ తరహా కోటలో ఒక బురుజు మీది ఫిరంగి పక్క బురుజు గోడను కాచాలి. శత్రువు దాక్కునే మూల ఎక్కడా మిగలకూడదు. కోణాలన్నీ ముందే గీసుకోకపోతే ఇలాంటి కోట లేవదు. 2012లో వచ్చిన ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’లో 44 గడుల పొడవు, 44 గడుల వెడల్పు ఉన్న నేల మీద గోడలు, ఫిరంగులు ఎక్కడ నిలపాలా అని తలపట్టుకునే పిల్లలు వేసే లెక్క కూడా అదే.

ఆటను రాతలోనే ఆడారనడానికి మన దక్కన్‌లో గట్టి సాక్ష్యం 1828–29 నాటిది. మద్రాసు, హైదరాబాదు చదరంగ బృందాలు ఉత్తరాల మీద రెండు ఆటలు ఆడాయి. అప్పటికి రైలు లేదు, టెలిగ్రాఫ్ లేదు. ఒక ఎత్తు రాసి పంపితే జవాబు కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. ఈలోగా ఎదుటివాడు ఏం చేస్తే మనం ఏం చేయాలన్నది రాసుకుంటూ కూర్చోవాలి. రెండు ఆటలూ మద్రాసే గెలిచింది. ఆ జట్టులోని గులాం ఖాసిం, మద్రాసు సివిల్ సర్వీసు అధికారి జేమ్స్ కాక్రేన్ కలిసి ఆ ఆటలను, ‘ముజియో గాంబిట్’ విశ్లేషణను 1829లో మద్రాసులో పుస్తకంగా అచ్చువేయించారు. గుర్రాన్ని వదులుకుని రాజు మీదికి దూకే ఎత్తుగడ అది. ఆ తెగింపు ఎప్పుడు ఫలిస్తుందో, ఎప్పుడు బెడిసికొడుతుందో ఒక్కో దారినీ విడివిడిగా రాసి చూస్తేనే తేలుతుంది.

గుహలో దారి తప్పకుండా

కంప్యూటర్ ఆటలు వచ్చిన తొలినాళ్లలోనే కాగితం వాటికి తోడైంది. అమెరికా ప్రోగ్రామర్ విల్ క్రౌథర్‌కు గుహల్లో తిరగడం ఇష్టం. కెంటకీలోని మామత్ గుహ కొలతల్లో పాలుపంచుకున్న అనుభవంతో 1970ల మధ్యలో ఆయన ఒక ఆట రాశాడు. డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. అందులో బొమ్మలు లేవు, అన్నీ మాటలే. ఒకచోట అచ్చం ఒకేలా ఉండే గదుల చిక్కు ఎదురవుతుంది. ఆటగాళ్లు ఒక్కో గదిలో ఒక్కో వస్తువు వదిలి, ఏది ఎటు దారితీస్తుందో కాగితం మీద డబ్బాలు, గీతలు గీసుకుని బయటపడ్డారు. 1981 నాటి ‘విజార్డ్రీ’లో పది అంతస్తులు, ఒక్కోటి 20 గడుల పొడవు, 20 గడుల వెడల్పు. గ్రాఫ్ పుస్తకం లేకుండా అందులోకి దిగినవాళ్లు దారి తెలియక తిరిగారు. 1993లో ‘మిస్ట్’ పెట్టెలో ఆటతో పాటు రాసుకోవడానికి ఖాళీ పుస్తకం కూడా వచ్చింది.

నోట్‌బుక్ చివరి పేజీ

కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు బతుకుదెరువుకు గల్ఫ్ బాట పట్టాయి. సెలవు మీద వచ్చినవాళ్ల పెట్టెల్లో టేప్‌రికార్డర్ల సరసన కొన్నేళ్లకు టీవీకి తగిలించే వీడియో గేములూ చేరాయి. తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. అక్కడ ఆట గంటల లెక్కన అమ్ముడయ్యేది. పైసలు తక్కువ, సమయం తక్కువ, పైగా కరెంటు కోతలు. అందుకే ఆ తరం పిల్లలు కుర్చీలో కూర్చోవడానికి ముందే ఆటలో సగం ముగించుకునేవారు. ‘జీటీఏ వైస్ సిటీ’ చీట్ కోడ్‌లు, ‘కాంట్రా’లో 30 ప్రాణాలు ఇచ్చే మీటల వరుస నోట్‌బుక్ చివరి పేజీల్లోకి ఎక్కాయి. ఒకరి పుస్తకం నుంచి ఇంకొకరి పుస్తకంలోకి, బడి నుంచి బడికి ఆ రాతలు పాకాయి. అచ్చుకాని ఆ సాహిత్యాన్ని ఎవరూ దాచలేదు. చాలావరకు పాత పేపర్లవాళ్ల తక్కెట్లోకి పోయింది.

2018లో పబ్‌జీ మొబైల్ వచ్చాక ఈ అలవాటు కొత్త రూపు దాల్చింది. దాని ‘ఎరాంజెల్’ మ్యాపు 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. కిలోమీటరుకో గడి చొప్పున లెక్కిస్తే 64 గడులు, సరిగ్గా చదరంగం బల్ల అంత. విమానం ఏ గీతన వెళ్తే ఎక్కడ దూకాలి, బండి ఎక్కడ దొరుకుతుంది, వలయం కుంచించుకుపోతుంటే ఏ గుట్ట ఎక్కాలి అన్నది నలుగురు మిత్రులు ముందే మాట్లాడుకోవాలి. 2020 సెప్టెంబర్‌లో ఆ ఆటపై నిషేధం పడింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో దాని భారతీయ రూపం వచ్చింది. ఈ మార్పులన్నిటి మధ్యా ఆ పథకాలు ఆగలేదు.

పట్టికలు చేరిన వేళ

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ‘విసికాల్క్’ తెచ్చారు. ఒక గడిలో అంకె మారిస్తే దానిమీద ఆధారపడ్డ గడులన్నీ వాటంతటవే మారిపోయే పట్టిక అది. వ్యాపారుల కోసం పుట్టిన ఆ సాధనాన్ని ఆటగాళ్లు తమదిగా చేసుకున్నారు. 2003లో ఐస్‌లాండ్ నుంచి వచ్చిన ‘ఈవ్ ఆన్‌లైన్’లో ఓడల తయారీకి, సరుకు బేరాలకు ఎంత లెక్క కావాలంటే, 2023లో ఆ ఆట సమాచారం నేరుగా ఎక్సెల్‌లోకి వచ్చే ఏర్పాటు చేశారు. 2016 నాటి వ్యవసాయపు ఆట ‘స్టార్‌డ్యూ వ్యాలీ’లో రుతువుకు 28 రోజులు. నాలుగు రోజుల్లో చేతికొచ్చే ముల్లంగి లాంటి దుంప మేలా, పన్నెండు రోజులు ఆగి క్యాలీఫ్లవర్ కోసుకోవడం మేలా? విత్తనం ధర, అమ్మకం ధర, మిగిలిన రోజులు మూడూ పట్టికలో పెడితే తప్ప జవాబు దొరకదు. పసుపు వేయాలా, మక్క వేయాలా అని తేల్చుకునే రైతు ఇంట్లో ఈ ప్రశ్న కొత్తది కాదు.

ఈ విద్య ఎంత ఎత్తుకు తీసుకెళ్తుందో తెలుగువాళ్లే చూపించారు. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబర్‌లో 18 ఏళ్లకే ప్రపంచ చదరంగ విజేత అయ్యాడు. అతని కోసం ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. అదే నెల అధికారిక జాబితాలో వరంగల్ బిడ్డ అర్జున్ ఇరిగేశి రేటింగ్ 2800 దాటింది. 2025లో రియాద్ ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లోకి చదరంగం తొలిసారి చేరినప్పుడు అతను సెమీఫైనల్ దాకా వెళ్లాడు.

పిల్లవాడు గేమ్ కోసం పట్టిక గీస్తుంటే లాగి పక్కన పడేయకండి, పక్కన కూర్చుని ఇదేమిటని అడగండి. ముందుచూపు, ఓపిక, తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి దిద్దుకునే గుణం అందులో ఉన్నాయి. ఎంతసేపు ఆడాలో హద్దు పెట్టడం పెద్దల బాధ్యత. ఆ హద్దు లోపల పెన్సిల్ పట్టించడం కూడా వాళ్ల బాధ్యతే. బళ్లలో కంప్యూటర్ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఎక్సెల్‌ను కిరాణా లెక్కతో పాటు పిల్లలకు నచ్చిన ఆటతోనూ మొదలుపెట్టవచ్చు. డిజైన్ గీసినవాళ్ల గ్రాఫ్ కాగితాలను, ఆట గీసుకున్నవాళ్ల పాత నోట్‌బుక్‌లను సిరిసిల్ల, జగిత్యాల గ్రంథాలయాలు ఒకే అరలో భద్రపరచాలి. ఈ నేల మీద మనుషులు ఎలా ఆలోచించారో రేపటివాళ్లకు చెప్పే పత్రాలు అవి.